వెండి మచ్చలు లేని ఆకు

ఏప్రిల్ 3, 2023, సోమవారం

ఈ నోటుపుస్తకంలో ఇంతవరకూ ఇంటి జమాఖర్చులు మాత్రమే రాశాను. ఇవాళ వెనక పేజీ నుంచి మొదలుపెట్టి మాటలు రాస్తున్నాను. కారణం ఒకటే. పొద్దున పాలు కాస్తుంటే కుడిచేతి చూపుడువేలు పొయ్యి పలకకు ఆనుకుంది. కాలిన వాసన వచ్చాక గాని నాకు తెలియలేదు. నొప్పి లేదు. బొబ్బ ఉంది. పెన్ను పట్టు నిలుస్తున్నదో లేదో, అక్షరం వంకరపోతున్నదో లేదో చూసుకోవాలి.

పై నుంచి చదివాను. అక్షరం బాగానే ఉంది.

చలికాలం నుంచి వేళ్ల కొసలు కొంచెం మొద్దుబారాయి. చలికి అలాగే ఉంటుంది. ఎండలు వస్తే తగ్గుతుంది.

మధ్యాహ్నం మాన్యా వచ్చి తిల్దాను దింపి వెళ్లింది. బడికి ఈస్టర్ సెలవులు. కోడలికి బేకరీలో పండగ పని, నా కొడుకు హోల్గర్ లారీ తోలుకుంటూ స్పెయిన్ దాకా పోయాడు. సెలవులన్నీ పిల్ల నా దగ్గరే. ఏడేళ్లు. ముందు పళ్లు రెండూ ఊడిపోయి నవ్వితే కిటికీ తెరిచినట్టు ఉంది. బొబ్బ కనబడకుండా వేలికి గుడ్డ చుట్టుకున్నాను. ఉల్లిపాయ తరుగుతుంటే తెగిందని చెప్పాను.

మాన్యా కారు ఇంజను ఆపకుండానే మాట్లాడింది.

“అత్తయ్యా, ఒక్క మాట. కోపం తెచ్చుకోకండి.”

“కోపం వచ్చే మాటయితే అనకు.”

“ఆ తొమ్మిదాకుల సూపు ఈసారికి మానేయకూడదూ. కొట్లో పాలకూర దొరుకుతుంది కదా.”

“పాలకూర ఒక్కటే ఆకు. ఈస్టర్ ముందటి పచ్చ గురువారానికి తొమ్మిది కావాలి.”

“పోయినేడు పట్నంలో ఎవరో అడవి వెల్లుల్లి అనుకుని ఇంకేదో తిని చచ్చిపోయారు.”

“వాళ్లు నా క్లాసులో కూర్చోలేదు. కూర్చుని ఉంటే బతికేవాళ్లు.”

ముప్పై ఏళ్లకు పైగా ఈ తురింగియా పల్లెల పిల్లలకు జీవశాస్త్రం చెప్పాను. ఆ మాట కోడలికి గుర్తు చేయవలసిన పని లేదు. ఆమె నా గుడ్డ కట్టు వంక చూసింది.

“మీ చూపు ఎలా ఉంది?”

“నీ కారు నంబరు పలక మీది మురికి కనబడేంత బాగా ఉంది.”

తిల్దా పగలబడి నవ్వింది. మాన్యా నవ్వలేదు. కారు కదిలించే ముందు తల బయటికి పెట్టి, “అక్టోబరులో గిన్నె మాడి వంటిల్లంతా పొగ అయినట్టు ఇంకొకటి జరిగితే, ఇక సెలవులకు పిల్ల మా అమ్మ దగ్గరికే వెళ్తుంది అత్తయ్యా. ముందే చెబుతున్నాను, తరువాత నన్ననకండి” అంది. మర్యాదగానే అంది. మర్యాదగా అన్నందుకే భయం వేసింది.

ఏప్రిల్ 4, మంగళవారం

తిల్దా కోటుకు బొత్తాం కుట్టబోయాను. సూది జారి పడింది. మళ్లీ పడింది. పిల్ల బల్ల కింద దూరి వెతికి ఇచ్చింది. దారం మరీ లావు.

ఏప్రిల్ 5, బుధవారం

పక్కింటి రోస్విత వచ్చింది. చేతిలో కుండీ. కుండీ నిండా ఆమె ముద్దుల మొక్క, వెండి మచ్చల రకం.

ఇక్కడ అందరూ దాన్ని బంగారు దురదాకు అంటారు. పేరులోనే దురద, ముట్టుకుంటే ఏమీ ఉండదు. పుదీనా కుటుంబం. మే నెలలో చిన్న చిన్న పసుపు టోపీల్లాంటి పూలు పూస్తుంది. అందులో నాలుగు రకాలు. పల్లంలో పెరిగేది ఒకటి, దక్షిణాన లేత పసుపు పూలతో ఒకటి, మా బీచ్ చెట్ల అడవిలో పెరిగే కొండ రకం ఒకటి. దీని ఆకు ఒట్టి పచ్చ, వెండి మచ్చ ఉండదు. నాలుగోది తోటల్లో పుట్టిన వెండిది. అది ఎక్కడిదో ఎవరికీ సరిగా తెలియదు. చూడడానికి బాగుంటుంది. రోస్విత మొగుడు, పోయినవాడిని అనకూడదు, తోట చెత్తంతా తీసుకెళ్లి అడవి అంచున పారబోశాడు. అప్పటి నుంచి ఆ వెండిది తీగలు చాచి లోపలికి పాకుతూనే ఉంది. దాని కింద మరేదీ బతకదు. పోయిన అక్టోబరులో అడవిలోని గుంట ఒడ్డంతా కూర్చుని వేర్లతో సహా పీకేశాను, గంపలు గంపలు. నా కొండ రకం గుబురు ఆ ఒడ్డునే ఉంది. ముప్పై ఏళ్లుగా దాన్ని అక్కడే కోస్తున్నాను.

“ఏమే గెర్లిండా, ఇంకా నా వెండి రాణి మీద యుద్ధం మానలేదా?” అంటూ కుండీని నా బల్ల మీద పెట్టింది.

“బల్ల మీద పెట్టకు, వేరు పట్టేస్తుంది.”

“రేపు సూపుకు ఇది కోసుకో. అడవికి పోయే పని తప్పుతుంది. మచ్చలు చూడు, గుడ్డిదానికి కూడా తెలుస్తుంది ఇది ఏమిటో.”

“నేను గుడ్డిదాన్ననా నీ ఉద్దేశం?”

“నీ కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు వేసుకున్నావు ఇందాక. తాగేశావు కూడా. నేను చూశాను.”

అది నిజం కాదు. సగమే తాగాను.

“ఆ రకం నా సూపులో పడదు. తోట చెత్త” అన్నాను.

“చెత్తో పుత్తడో, అది దొంగ కాదు. మొహం మీదే రాసి ఉంటుంది.” లేస్తూ తిల్దా బుగ్గ గిల్లింది. “మీ నానమ్మ అడవిలో పరీక్ష పెడితే నువ్వే పాసవ్వాలమ్మా. నేను ఎప్పుడో ఫెయిలు.”

రోస్విత పోయాక కుండీని వాకిట్లోకి మార్చి, తిల్దాకు కాడ చూపించాను. ఆ కుండీలోదే తెంపాను, పాఠానికి ఏదయినా ఒకటే. “వేళ్ల మధ్య పెట్టి దొర్లించు. పుదీనా కుటుంబంలో కాడకు నాలుగు పలకలు. మూలలు అడ్డుపడి ఆగిందా, మనది. దొర్లిపోయిందా, మనది కాదు. బింగెల్ అని ఒకటి ఉంది, అదే నీడలో పెరుగుతుంది, ఆకు అచ్చం ఇలాగే ఉంటుంది, కాడ గుండ్రన. అది విషం.”

“ఎంత విషం?”

“నోట పెట్టకూడనంత.”

“కళ్లు మూసుకుని కూడా చెప్పొచ్చా నానమ్మా?”

“కళ్లు మోసపోతాయి. వేళ్లు అబద్ధం చెప్పవు.”

పిల్ల కళ్లు మూసుకుని దొర్లించింది. ఆగింది. సంబరపడిపోయింది. నేను కూడా దొర్లించాను. ఆగింది అనుకుంటాను.

ఏప్రిల్ 6, పచ్చ గురువారం

పొద్దున్నే పెరట్లో ఏడు, పచ్చిక బయల్లో ఒకటి. కుట్టే దురదాకు కోయడానికి తిల్దాకు చేతిజోళ్లు తొడిగాను. నాకు అక్కర్లేకపోయింది. నా చేతులకు కుట్టలేదు. లేత ఆకు, అందుకే.

తొమ్మిదోది గుంట ఒడ్డున. ఎండ ఇంకా లోపలికి రాలేదు. బీచ్ చెట్లకు చిగురు లేదు. కింద మాత్రం పచ్చగా పరుచుకుని ఉంది. అక్టోబరులో నేను ఖాళీ చేసిన జాగా అంతా నిండిపోయింది. వెండి మచ్చ ఒక్కటీ లేదు. సంతోషమైంది. మోకాళ్ల మీద కూర్చుని నా గుబురు ఉండే చోటనే కోశాను.

తిల్దా ఒక కాడ తెచ్చి నా మొహం ముందు పెట్టి ఏదో అంది. పని వేళ మాట్లాడవద్దని చెప్పాను. వాదించింది. పిల్లలు పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని చెప్పాను. ఆ తరువాత మాట్లాడలేదు.

బంగాళాదుంప, మీగడ, పైన ఉడికించిన గుడ్డు తరుగు. నాకు ఈ మధ్య తిండి సయించడం లేదు, అర గిన్నె తిన్నాను. తిల్దా మొదటి గిన్నె మూతి ముడుచుకుని తిన్నది. ఇంకా అలిగి ఉంది. అలక తీరాలని రెండో గిన్నె నేనే పోశాను. నాకోసమే తింటున్నట్టు తిన్నది.

మిగిలిన ఆకులను ఎప్పటిలాగే కట్ట కట్టి పొయ్యి పైన మేకుకు తగిలించాను.

సాయంత్రం

తిల్దా వాంతి చేసుకుంది. ఒకసారే. మీగడ ఎక్కువైంది.

ఏప్రిల్ 7, శుక్రవారం

రెండు మూడుసార్లు అయింది. విరేచనం కూడా. నాకు కూడా కొంచెం. ఊళ్లో కడుపు జబ్బు ఏదో తిరుగుతోంది, బడి పిల్లలు అంటిస్తారు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, నుదురు మాత్రం చల్లగా ఉంది. జ్వరం లేదు.

మాన్యా ఫోను చేసింది.

“ఏం చేస్తోంది అత్తయ్యా?”

“పడుకుంది.”

“ఈ వేళప్పుడా?”

“ఆడి ఆడి అలిసింది.”

“ఒకసారి ఇవ్వండి.”

“నిద్ర లేపి ఫోను ఇస్తే ఎవరికి లాభం? కడుపు కొంచెం తేడా చేసింది. ఏదో అంటు.”

“ఏం పెట్టారు?”

“బ్రెడ్డు. యాపిల్ గుజ్జు. బంగాళాదుంప.”

బంగాళాదుంప అన్నది అబద్ధం కాదు.

మధ్యాహ్నానికి తేలిక పడింది. ఎండు రొట్టె రెండు ముక్కలు తిన్నది. ఇద్దరం కూర్చుని ఈస్టర్ గుడ్లకు రంగులు వేశాం. ఉల్లి పొట్టుతో గోధుమ రంగు, బీట్‌రూట్ నీళ్లతో ఎరుపు. తిల్దా బీట్‌రూట్ ముక్క నోట్లో వేసుకుంది. వద్దంటే నాలుక చాపి చూపించింది. అదే పాత తిల్దా. భయం తగ్గింది.

భయం అని రాశాను. దేనికి భయపడ్డానో రాయలేదు. భయపడడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 8, శనివారం

తిల్దా మూత్రం ఎర్రగా వచ్చింది. బీట్‌రూట్.

ఎక్కువ నిద్రపోతోంది. లేపితే లేస్తుంది, చెప్పింది వింటుంది, మళ్లీ పడుకుంటుంది. తలుపు దగ్గర నిలబడి ఊపిరి లెక్కపెట్టాను. మామూలుగానే ఉంది. నాలుగుసార్లు వెళ్లి చూశాను. మామూలుగా ఉన్నదాన్ని నాలుగుసార్లు ఎందుకు చూశాను?

పండగ కాబట్టి ఊరి డాక్టరు మంగళవారం దాకా ఉండడు. అత్యవసర నంబరు ఫ్రిజ్ మీద అంటించే ఉంది. అది అత్యవసరానికి.

పొయ్యి పైన కట్ట ఎండుతోంది. అందులో కొన్ని ఆకుల రంగు తేడాగా కనిపించింది. కిటికీ వెలుతురు అటు వైపు నుంచి పడుతుంది.

అక్టోబరులో వెండిదాన్ని పీకేటప్పుడు దాంట్లో కలిసి ఉన్న పచ్చవి కూడా వచ్చేశాయా అని ఆలోచించాను. రాలేదు. నేను చేత్తో తడిమి, చూసుకునే పీకాను.

అప్పటికి వేళ్లు మొద్దుబారాయా? గుర్తు లేదు. గిన్నె మాడింది అక్టోబరులోనే.

సాయంత్రం, మళ్లీ

నా మూత్రం కూడా ఎర్రగానే ఉంది.

నేను బీట్‌రూట్ ముట్టను. మా అమ్మ బతిమాలినా ముట్టలేదు. నిన్న వేళ్లకు రంగు అంటింది, అంతే. వేళ్లకు అంటితే మూత్రం ఎరుపెక్కదు. ఈ ప్రశ్న పరీక్షలో ఇస్తే పదో క్లాసు పిల్లలందరూ సరిగా రాస్తారు.

రేపు పొద్దున చూద్దాం. పొద్దున మామూలుగా ఉంటే ఇక్కడ రాసింది చింపేస్తాను.

ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం

వేగంగా రాస్తున్నాను. అంబులెన్సు పట్నం నుంచి రావాలి. రోస్విత పిల్ల దగ్గర కూర్చుంది.

పొద్దున తోటలో గుడ్లు దాచి వచ్చి తిల్దాను లేపాను. “కుందేలు వచ్చి గుడ్లు దాచి పోయింది, లే” అన్నాను. కళ్లు తెరిచింది. “తరువాత నానమ్మా” అంది. ఏ పిల్లా ఈస్టర్ పొద్దున తరువాత అనదు. కర్టెన్ తీశాను. పెదవులు తెల్లగా ఉన్నాయి. కళ్లలో తెలుపు, తెలుపు కాదు. పసుపు.

వంటింట్లోకి వచ్చి మేకు మీద కట్ట దించాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను, అటు నుంచి చూశాను, ఇటు నుంచి చూశాను, దీపం కింద పెట్టి చూశాను. ఎనిమిది రకాలూ గడ్డి రంగులోనే ఎండాయి. తొమ్మిదోది నీలం. తుపాకి గొట్టం మీద ఉండేలాంటి నీలం మెరుపు. ఎండితే నీలం తిరిగేది మా అడవిలో ఒకటే. దాన్ని ఏటా క్లాసులో బల్ల మీద పెట్టి పేరు అడిగేదాన్ని. అది తప్పు చెప్పిన పిల్లలకు ఇంకో సంవత్సరం అదే క్లాసు అనేదాన్ని, వేళాకోళానికి.

బింగెల్. వెండిదాన్ని పీకి పారేసిన జాగాలో, నా కొండ రకాన్ని కూడా నా చేత్తోనే పీకేసిన జాగాలో, అది వచ్చి కూర్చుంది. నేను మొక్కను చూడలేదు. జాగాను చూసి కోశాను.

అప్పుడు రోస్విత వచ్చింది, తీపి రొట్టె పట్టుకుని. “ఏమిటిది, గుడ్లన్నీ గడ్డిలో అలాగే ఉన్నాయి? పిల్లేది?” అంటూనే లోపలికి వెళ్లి చూసి వచ్చింది. రొట్టె బల్ల మీద పెట్టింది.

“గెర్లిండా, పిల్ల మొహం చూశావా?”

“చూశాను.”

“ఎప్పటి నుంచి?”

“శుక్రవారం.” తరువాత, “గురువారం” అన్నాను.

“మాన్యాకు తెలుసా?”

“తెలిస్తే ఇక పిల్లను పంపదు.”

రోస్విత నా వంక చూసింది. యాభై ఏళ్లలో నన్ను అలా చూడలేదు. “పంపడానికి పిల్ల ఉండాలి కదే” అంది.

ఫోను నేనే తీశాను. బొత్తాలు తప్పు నొక్కాను, వేళ్లకు తెలియలేదు. రెండోసారి కళ్లతో చూసి నొక్కాను. విష సమాచార కేంద్రం వాళ్లు ఏం తిన్నది, ఎంత, ఎప్పుడు అని అడిగారు. “బింగెల్” అన్నాను. “ఖాయమా?” అంది ఆ అమ్మాయి. “ఖాయం. నేను జీవశాస్త్రం టీచర్ని” అన్నాను. రక్తకణాలు పగులుతూ ఉంటాయి, ఎర్రగా వస్తున్నది అందుకే, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి, మొక్కను వెంట తేవాలి అంది. బతుకుతుందా అని అడగడానికి నోరు రాలేదు. అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

లోపల రోస్విత ఏదో పాడుతోంది, నిద్రపోనివ్వకుండా. తిల్దా ఒకసారి “ఆ పాట బాగోలేదు” అంది. ఆ మాట వినబడింది. ఇప్పుడు వినబడడం లేదు.

మనిషి ముందు నిలబడితే నేను మెత్తబడతాను, మాట మారుస్తాను. ఈ మూడు రోజుల్లో తెలిసింది. అందుకే ముందుగా రాసుకుంటున్నాను. ఇక జరగవలసినవి:

1. నీలం తిరిగిన కట్టను కాగితంలో చుట్టి, అంబులెన్సులో వచ్చే డాక్టరు చేతికే ఇవ్వాలి. పేరు చెప్పాలి. ‘బహుశా’ అనకూడదు.

2. తిల్దా రెండు గిన్నెలు, నేను అర, గురువారం మధ్యాహ్నం. రెండో గిన్నె నేను పోసిందే. మూడు రోజులు దాచానని వాళ్లు అడగకపోయినా చెప్పాలి.

3. ఫ్రిజ్‌లో మిగిలిన సూపు పారబోయకూడదు. నిన్న రెండుసార్లు పారబోయబోయాను. సీసాలో పోసి ఇవ్వాలి.

4. మాన్యాకు ఫోను నేనే చేయాలి, రోస్విత చేత చేయించకూడదు. బీట్‌రూట్ మాట ఎత్తకూడదు. ఆమె ఏమన్నా వినాలి. ఫోను నేను ముందు పెట్టకూడదు.

5. నా చేతులు డాక్టరుకు చూపించాలి. పొయ్యి మీద కాలింది అని చెప్పాలి. ఉల్లిపాయ కాదు.

6. రోస్విత కుండీ వాకిట్లో మూడు రోజులుగా నీళ్లు లేక వాలిపోయింది. నీళ్లు పోయమని చెప్పాలి.

7. గురువారం అడవిలో తిల్దా కాడను నా మొహం ముందు దొర్లించి, “నానమ్మా, ఇది దొర్లుతోంది” అంది. రెండుసార్లు అంది. నేను దాన్ని తీసుకుని నా వేళ్ల మధ్య పెట్టి, “ఆగింది, చూడు, నీకు ఇంకా రాలేదు” అన్నాను. నా వేళ్లకు ఏమీ తెలియలేదు. ఈ మాట పిల్ల చెప్పేలోగా మాన్యాకు నేనే చెప్పాలి. సరిగ్గా చెప్పింది నువ్వేనని తిల్దాకు కూడా చెప్పాలి, తను మెలకువగా ఉండగా.